లేడని చెప్పమన్నది నేనే

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఇంట్లో ఎవరైనా ఆ ముచ్చట మొదలుపెడితే లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. అందులో నా తప్పు ఉంది కాబట్టి ముందు అదే చెప్పేస్తాను.

నేను కరీంనగర్‌లో ఉంటాను. ఆసుపత్రుల్లో సాఫ్ట్‌వేర్ పెట్టించే కన్సల్టెంట్‌ని. రోగి పేరు రాసుకునే దగ్గర్నుంచి డిశ్చార్జి కాగితం దాకా అన్నీ కంప్యూటర్లోనే అయ్యేలా ఏర్పాటు చేసి, అక్కడి నర్సులకు నేర్పిస్తాం. వేరే ఎక్కడా పనిచేయడం లేదని మా కంపెనీ ఏటేటా ఒక కాగితం మీద సంతకం తీసుకుంటుంది. నేనూ పెట్టాను. పెట్టిన నెలలోనే, ఆదిలాబాద్‌లో కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇదే పని దొంగచాటుగా ఒప్పుకున్నాను.

ఒప్పందం నా స్నేహితుడు ప్రశాంత్ పేరు మీద రాయించాం. పని మాత్రం నాది. కాబట్టి ఆదిలాబాద్‌లో అందరికీ నేను ప్రశాంత్ సార్‌ని. జీతం చాలక చేశానంటే అబద్ధం. రెండు చోట్ల సార్ అనిపించుకోవాలనే యావ, తొందరగా ఇల్లు కట్టేయాలనే ఆత్రం, అంతే.

అక్కడికి వెళ్లే రోజుల్లో నా ఫోన్ ఆపేసి ఇంకో నంబరు వాడేవాణ్ణి. కంపెనీలో సెలవుకు ఏదో ఒక సాకు చెప్పాలి కదా. ఆసారి మా అక్కకు ఒంట్లో బాగాలేదని, ఆసుపత్రిలో చేర్చామని చెప్పాను.

అక్క నిక్షేపంగా ఉంది. చెన్నూరులో ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. బావ దుబాయ్‌లో ఉంటాడు. కూతురు సింధు ఇంటర్ చదువుతోంది. మమ్మల్ని కన్న అవ్వ పోయేనాటికి నాకు ఆరేళ్లు. అప్పటినుంచి నన్ను సాకింది అక్కే. సాకు కోసం ఆమె పేరే ఎందుకు వాడానంటే, ఆ పేరు చెబితే మా మేనేజర్ మారుమాట అనడు. అక్కంటే నాకెంత ప్రాణమో ఆఫీసులో అందరూ ఎరుగుదురు.

అది గురువారం. ఆదిలాబాద్ ఆసుపత్రి ఇంకా తెరవలేదు. రోగులు లేరు, గోడలకు రంగు వాసన కూడా పోలేదు. మొదటి అంతస్తులో ఎనిమిది మంది నర్సులను కూర్చోబెట్టి ట్రైనింగ్ ఇస్తున్నాను. ఆయమ్మ కమలాబాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ప్రశాంత్ సార్, మనదాంట్ల నర్సిగ అనెటాయన ఎవలన్న ఉన్నరా? కింద ఒకామె అచ్చి అడుగుతుంది."

నా అసలు పేరు నర్సింహ. నన్ను నర్సిగ అని పిలిచేది అక్క ఒక్కతే. కరీంనగర్ ఆఫీసులో ఆ పిలుపు ఎవరికీ తెలియదు. ఆదిలాబాద్‌లో అయితే నా అసలు పేరే ఎవరికీ తెలియదు.

ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. దొరికిపోయాను. ఆఫీసువాళ్లు ఎలాగో ఇంటికి ఫోన్ చేశారు, విషయం బయటపడింది, అక్క నన్ను వెతుక్కుంటూ వచ్చేసింది. ఇప్పుడు పైకి వచ్చి వీళ్లందరి ముందు నా పేరు పెట్టి పిలుస్తుంది. నర్సులంతా నా వైపే చూస్తున్నారు.

"గా పేరోళ్లు ఎవ్వరు లేరమ్మా. లేడని చెప్పు" అన్నాను.

కమలాబాయి వెళ్లిపోయింది. నేను పాఠం కొనసాగించాను. అప్పుడు నేర్పడానికి ఒక డమ్మీ పేషెంట్ పేరు ఎక్కిస్తున్నాం. ఆ ఎంట్రీ మీద సమయం పదకొండు ముప్పై ఎనిమిది. తర్వాత చూసుకున్నాను కాబట్టి ఇంత కచ్చితంగా చెబుతున్నాను.

పది నిమిషాలయ్యాక ఉండబట్టలేక కిందికి దిగాను. రిసెప్షన్ ఖాళీగా ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగితే, పొద్దున్నుంచి బయటి ఆడమనిషి ఎవరూ లోపలికి రాలేదన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనం పక్కకు నెట్టాను. అసలు ఫోన్ ఆన్ చేశాను. సింధు నుంచి ఇరవైకి పైగా మిస్డ్ కాల్స్ ఉన్నట్టు మెసేజ్‌లు వచ్చాయి. ఫోన్ చేస్తే ఎత్తింది. ఏడవడం లేదు.

"మామా, నీ ఫోన్ బందున్నదని మీ ఆఫీసుకు చేసిన. అక్కకు బాగలేదని దవాఖానల ఆమె తోటే ఉన్నవన్నరు. అమ్మ నా ఒళ్ళనే ఉండె గద మామా. నువ్వెవల తోటి ఉన్నవ్?"

ఏం జరిగిందో ఆ పిల్ల నోటనే విన్నాను.

పొద్దున మిషన్ మీద కూర్చున్నచోటే అక్కకు గుండెనొప్పి వచ్చింది. చెన్నూరు దవాఖానలో చూసి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. మంచిర్యాలకు పోవాలా, కరీంనగర్‌కు పోవాలా? మామ ఆసుపత్రుల మనిషి, మామకు అందరు డాక్టర్లూ తెలుసు, మామ చెబుతాడు అని ఆ పిల్ల గంటసేపు నాకు ఫోన్ చేస్తూ కూర్చుంది. చివరికి ఎవరో గదిమితే అంబులెన్స్ మంచిర్యాల దారి పట్టింది. దారిలోనే అక్క పోయింది. అప్పుడు పదకొండున్నర, కాస్త అటూ ఇటూ అని అంబులెన్స్‌లో ఉన్నతను చెప్పాడు. చెన్నూరు నుంచి బస్సులు మారుతూ ఆదిలాబాద్ రావాలంటే సగం రోజు పడుతుంది.

నేనెక్కడ ఉన్నానో సింధుకు చెప్పాను. బావ దుబాయ్ నుంచి దిగాక ఆయనకూ చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కంపెనీకి అంతా రాసిచ్చి మానేశాను. ఎవరి దగ్గరా దాచింది ఇప్పుడు ఏమీ లేదు. ఆ గంట ముందే ఫోన్ ఎత్తి ఏ ఊరికి తీసుకెళ్లాలో చెప్పి ఉంటే అక్క బతికేదేమో. ఏమో అనే ఆ మాటతోనే నాకు రోజూ తెల్లారుతోంది.

దినాలు అయ్యాక ఆదిలాబాద్ వెళ్లాను. కమలాబాయికి అక్క పోయిన సంగతి చెప్పలేదు, ఫోటో చూపించలేదు. ఆ రోజు వచ్చినామె ఎట్లుండె అని మాత్రం అడిగాను. నలభై అయిదేళ్లుంటాయి, ఆకుపచ్చ చీర, మెడలో బట్టలు కొలిచే టేపు వేలాడుతోంది అంది. ఆ టేపు అంబులెన్స్ ఎక్కేదాకా అక్క మెడలోనే ఉందని, తానే తీసి పర్సులో పెట్టుకున్నానని సింధు నాతో చెప్పింది. కమలాబాయికి సింధు ఎవరో తెలియదు. అప్పుడు ఫోటో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, ఈమెనే అంది.

కంప్యూటర్లో ఏ ఎంట్రీ ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో వెతికి పట్టుకోవడం నా వృత్తి. దీన్ని కూడా అలాగే వెనక్కి వెనక్కి వెతికాను. కమలాబాయి ఆ పేరు ఎక్కడైనా విన్నదా, నేనే ఎప్పుడైనా నోరు జారానా, వాచ్‌మన్ కునుకు తీశాడా. ఏదీ అతకలేదు. నేను ఆదిలాబాద్‌లో ఉన్నట్టు ఆ రోజు ప్రశాంత్‌కు తప్ప నా వాళ్లెవరికీ తెలియదు, అక్కకు అతనెవరో తెలియదు. ఇరవై సార్లు చేసిన సింధుకు దొరకని నేను అక్కకు ఎలా దొరికాను?

లేడని చెబితే ఏమన్నది అని కమలాబాయిని అడగకుండా వచ్చేద్దామనుకున్నాను. గేటు దాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి అడిగాను.

"ఏమనలే సార్. జరసేపు మెట్ల దిక్కు చూసింది. పనిల ఉన్నట్టున్నడు తియ్, పరేషాన్ జెయ్యకు అన్నది. అని పోయింది."