ఆంటీ కారుకి నేను కట్టనివ్వని టాక్సు

డ్రైవింగ్ టెస్టులో ఫెయిలైనవాళ్లను మీరు చాలామందిని చూసే ఉంటారు. స్టీరింగ్ ముట్టుకోకముందే ఇంకొకరి టెస్టు తగలేసినవాణ్ణి చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి.

అప్పట్లో నేను బ్రిటన్‌లో, కార్డిఫ్ ఊళ్లో మాస్టర్స్ చదువుతూ, పిల్లల డాక్టరు కామేశ్వరి ఆంటీ ఇంట్లో మేడమీద గదిలో ఉండేవాణ్ణి. ఆవిడ కొడుకులా చూసుకుని అన్నం పెట్టేవారు. ఆ కృతజ్ఞతకొద్దీ నేను సలహాలిచ్చేవాణ్ణి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, బస్సు పాసు మీద బతికే నేను ఊళ్లో కార్లన్నిటికీ పెద్దదిక్కుని!

ఆ రోజుల్లోనే ఊళ్లో ఉన్న వాహనాల ఆఫీసు మూసేశారు. ఆ తరవాత ఏటా టాక్సు కట్టినందుకు గుర్తుగా కారు అద్దానికి అంటించే గుండ్రటి కాగితమూ ఎత్తేశారు. కొన్నాళ్లకి ఆంటీకి ఉత్తరం వచ్చింది.

"కారుకి టాక్సు కట్టమంటున్నార్రా నాన్నా."

"అయ్యో ఆంటీ! ఆఫీసు లేదు, కాగితం లేదు, ఇంక టాక్సెక్కడిది? మన దగ్గర బండి కొన్నప్పుడే లైఫ్ టాక్స్ కట్టేసి ఊరుకోమూ? వీళ్లకీ ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది. ఈ ఉత్తరాలు పాత స్టాకు."

"ఎక్కడన్నా చదివావా?"

"చదవడం దేనికాంటీ? లాజిక్!"

వార్డులో ప్రతి మందూ రెండుసార్లు సరిచూసుకునే మనిషి, నా మాట ఒక్కసారికే నమ్మేశారు. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పైగా కాగితం పోయి బోసిగా ఉన్న చోట ఆంజనేయస్వామి బొమ్మ గుండ్రంగా కత్తిరించి పెట్టాను కూడా.

ఆంటీ కూతురు సింధుకి పదిహేడేళ్లు. టెస్టు కోసం నెలలు ఎదురుచూసింది. ప్రతి ఆదివారం అమ్మ కారుమీదే నేర్చుకుంది, టెస్టుకీ ఆ కారే తీసుకెళ్లాలి. టెస్టు రోజు పొద్దున్న తలుపు తీస్తే, కారు ముందు చక్రానికి, బండి కదలకుండా బిగించిన పసుపు రంగు ఇనుప క్లాంపు! పక్కన ఒకాయన ఏదో రాసుకుంటున్నాడు.

"మీ ఆఫీసు మూసేశారుగా!" అన్నాను ఇంగ్లీషులో, గొంతు పెంచి.

"ఇక్కడిది మూశాం. పెద్దాఫీసు పక్క ఊరు స్వాన్సీలో ఉంది. కాగితం అక్కర్లేదన్నాం, టాక్సు అక్కర్లేదనలేదు" అన్నాడాయన. తరవాత అద్దంలోకి తొంగిచూసి, "ఇదేమిటి?" అన్నాడు.

నేను మెల్లగా అద్దానికి అడ్డంగా జరిగాను.

సింధు కళ్లనిండా నీళ్లు. "మామ్, హూ టోల్డ్ యూ నాట్ టు పే?"

ఆంటీ నావైపు ఒక్కసారి చూసి, "నేనే మర్చిపోయానే" అన్నారు.

'కాదు, నేనే' అనాలి కదా? అనలేదు. చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను. నా అసలు సిగ్గుమాలినతనం అదీ. ఆ రాత్రీ ఆంటీ ఎప్పటిలాగే నాకిష్టమని వంకాయ కూర చేశారు. ఒక్క తిట్టు తిట్టినా ముద్ద దిగేది.

మళ్లీ స్లాటు దొరికి సింధు పాసయ్యేసరికి చలికాలం వచ్చింది. లైసెన్సు చూపించిన రోజున ధైర్యం తెచ్చుకుని నిజం చెప్పేశాను.

"ఐ నో, అన్నయ్యా" అంది. "మామ్ నెవర్ ఫర్గెట్స్ ఎనీథింగ్."

ఆ అద్దంలోని ఆంజనేయస్వామి సాక్షిగా ఒట్టు: ఈ జన్మలో ఏ ఉత్తరానికీ అర్థం చెప్పను. పిజ్జా షాపు కరపత్రం వచ్చినా రెండు చేతులా ఆంటీకే అందిస్తాను. ఆవిడ ఇప్పుడు దాన్నీ రెండుసార్లు చదువుతారు.