గీత కిటికీ వైపు

ఒక్క పొద్దటిపూట, కత్తి పట్టకుండ, కుట్టు వెయ్యకుండ, తొమ్మిది మంది గుండెల్ని ఎడమ నుంచి కుడికి జరిపిన మొనగాణ్ని మీరెప్పుడన్న చూసిండ్రా? చూడకపోతే నన్ను చూడుండ్రి. ఆ ఘనకార్యం నాదే. ఎట్ల జరిగిందో చెప్త, నవ్వేటప్పుడు జర మెల్లగ నవ్వుండ్రి.

అప్పుడు నేను గుండె స్కానింగ్ మీద పరిశోధన చేస్తున్న. చేతిలో పట్టే చిన్న మిషన్‌తో గుండె బొమ్మ తీస్తే, జబ్బు ఉన్నదో లేదో కంప్యూటరే చెప్పాలె. అడవి పల్లెలకు గుండె డాక్టరు ఎట్లాగూ పోడు, మిషనన్న పోవాలని మా గైడు మేడం ఆలోచన. బంగారమసొంటి ఆలోచన. కాకపోతే ఆ మిషన్‌ను నా చేతికిచ్చింది.

స్కాన్ చేసే పిడికి ఒక పక్క చిన్న గీత ఉంటది. పడుకున్న మనిషి ఎడమ చెయ్యి దిక్కు ఆ గీత ఉండాలె. తిప్పి పట్టినమా, బొమ్మ అద్దంల లెక్క తిరగబడ్తది. ఇంత చిన్న ముచ్చట గుర్తుపెట్టుకునుడు నాసొంటి మేధావికి నామోషీ గదా! ఖానాపురం హవేలి అనే బస్తీల నా కిరాయి రూములో, రూమ్మేటును మంచం మీద పండబెట్టి నెలరోజులు నేర్చుకున్న. వాని ఎడమ దిక్కు కిటికీ ఉండె. అందుకని "గీత కిటికీ వైపు" అని బట్టీ పట్టిన.

అశ్వారావుపేట దాటినంక అడవి అంచున ఒక పల్లె. బడి గదిల మంచమేసిన, అచ్చం నా రూములో లెక్కనే, పండుకున్నోళ్ల ఎడమ దిక్కు కిటికీ వచ్చేటట్టు. ముందుగాల వచ్చింది బుచ్చక్క. పామాయిల్ తోటల గెలలు మోసే మనిషి. మంచం మీద దిండు పెట్టిన దిక్కు చూసి ఆగిపోయింది.

"అటు ఉత్తరం. బతికున్నోళ్లు ఉత్తరం దిక్కు తల పెడ్తరా సారూ?"

"అక్కా, ఇది సైన్సు."

"సైన్సుకు దిక్కులుండయా ఏంది?"

అని తల దక్షిణానికి పెట్టి హాయిగ పండుకున్నది. ఆమెను చూసి వెనకొచ్చినోళ్లందరు గట్లనే పండుకున్నరు. మనుషులంతా తిరిగిండ్రు గని నా గీత తిరగలే. అది కిటికీ వైపే ఉన్నది.

కంప్యూటర్ మీద అక్షరాలు పడ్డయ్: "గుండె కుడివైపు ఉంది." అట్ల ఉండుడు చానా అరుదు. రెండో మనిషికీ అదే. తొమ్మిదో మనిషికీ అదే. నాకు కాళ్లు నేల మీద ఆగలే. శాలువాలు, దండలు, విమానం టికెట్లు, అన్నీ కండ్ల ముందే తిరుగుతున్నయ్.

"మీ అందరి గుండెలు కుడి దిక్కున్నయ్!" అని అరిచిన, వాళ్లకేదో లాటరీ తగిలినట్టు.

లైన్ల నిలబడ్డ తోట మేస్త్రీ వెంటనే అందుకున్నడు. "బుచ్చమ్మా, రేపటి సంది నువ్వు పనికి రాకు. గెల ఎత్తుకొని నువ్వు తోటల పడిపోతే నా మీదికొస్తది."

బుచ్చక్క మొఖం నల్లబడ్డది. "ఏందయ్యా గిట్ల జేసినవ్? ఆ పని పోతే మేమేం తిని బతకాలె?"

"ఫికర్ చెయ్యకు అక్కా, నీ గుండె పుస్తకాల్లకెక్కుతది!" అన్న. ఆ మాట యాదికొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తది.

మేడంకు ఫోన్ కలిపి స్పీకర్ల పెట్టిన. అంతా విని మేడం ఒక్కటే అడిగింది.

"పక్కన ఎవరున్నరు?"

"బుచ్చక్క, మేడం."

"పిడి ఆమెకియ్యి. నువ్వు పండుకో."

అందరి లెక్కనే తల దక్షిణానికి పెట్టి పండుకున్న. "గీత కిటికీ వైపు పట్టు అక్కా" అని పెద్ద మాస్టారు లెక్క చెప్పిన. ఆమె పట్టింది. కంప్యూటర్ మీద మళ్ల అవే అక్షరాలు: "గుండె కుడివైపు ఉంది."

"మేడం! నాక్కూడా!" అని ఎగిరి గంతేసిన.

బుచ్చక్క పిడి దిక్కు, నా దిక్కు మార్చి మార్చి చూసింది. "సారూ, పొద్దటి సంది అందరికీ ఎడమ రొమ్ము మీదనే గదా పెట్టి చూసినవ్. గుండె కుడి దిక్కుంటే మరి ఆడ కొట్టుకుంటున్నది ఎవలిది?"

ఫోన్ల మేడం నవ్వు గది అంతా వినబడ్డది. "బుచ్చమ్మా, ఆ గీతను ఆయన ఎడమ చెయ్యి దిక్కు తిప్పు" అన్నది. తిప్పింది. నా గుండె బుద్ధిగ ఎడమకొచ్చి కూసున్నది.

తొమ్మిది మందిని మళ్ల పండబెట్టి, గీత తిప్పి చూసిన. మేడం ఆ బొమ్మలన్నీ తెప్పించుకొని చూసి, అందరివీ బాగున్నయన్నది. మేస్త్రీ మాత్రం నమ్మలే. "గీ సారు ఇప్పుడు ఎడమంటడు, రేపు వీపుల ఉన్నదంటడు. కాయితం కావాలె" అన్నడు. బుచ్చక్క చెప్పింది చెప్పినట్టు రాసి సంతకం పెట్టిన: "బుచ్చమ్మ గుండె మంచిగున్నది. చూసినోనికే చూసుడు రాదు."

తెల్లారి ఆమె పనికి పోయింది. ఆ కాయితం ఇప్పటికీ వాళ్లింట్ల గోడకు అతికిచ్చి ఉన్నది, వచ్చినోళ్లందరికీ చూపిస్తదంట.

అందుకని గుండె మీద చెయ్యేసుకొని ప్రమాణం చేస్తున్న: ఇగ ఈ జన్మల కిటికీని చూసి మనిషి గుండె వెతక. చెయ్యి ఏ పక్క వెయ్యాలన్నది మాత్రం బుచ్చక్కకు ఫోన్ చేసి అడిగినంకనే వేసిన.