మలుపులో చక్రాల జాడ

మంచులో దిగబడ్డ కారుని లాగడానికి తన లారీ గొలుసు తగిలించే ముందు వెర్నర్ లాహ్తి మోకాళ్ల మీద కూర్చుని చక్రాల జాడ చూస్తాడు. అరవై దాటి, నడుం పట్టేస్తున్నా ఆ అలవాటు మానలేదు. ఈ ఉదయం హాన్‌కాక్ కొండ దిగువన కొత్త టీచర్ డెనీస్ కారు గోతిలో పడింది. జాడ మలుపు తిరగనే లేదు, తిన్నగా గోతిలోకి పోయింది.

"నాలుగు చక్రాలూ లాగే బండండీ! మంచు దీనికో లెక్కా అన్నారు షోరూంలో," అందామె వణుకుతూ.

"లాగుతుందమ్మా. వెనకవి ఊరికే దొర్లుతుంటాయి, ముందువి జారాకే వాటికి పని తగులుతుంది. కొండెక్కడానికి బానే ఉంటుంది. మరి ఆపేదెవరు? ఏ బండికైనా బ్రేకులూ టైర్లేగా!" అతను చేతితొడుగు తీసి టైరు నిమిరాడు. "ఇవి అరిగిపోయాయి. చలికాలం టైర్లు వేయించండి."

"అందరికీ ఇలాగే చెబుతారా?"

"మా అమ్మాయికి చెప్పలేదు. బండి కొనిచ్చిన రోజు నేనూ షోరూం మాటే నమ్మాను."

కారు రోడ్డెక్కింది. ఆమె కనుమరుగయ్యేదాకా నిలబడి, వెర్నర్ తన లారీ ఎక్కాడు. ఆ చలికాలం అమ్మాయి బండి జారి పడిపోయిన నది వంతెన రాగానే వేగం తగ్గించి, ఎప్పటిలాగే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.