జీపుకు షష్టిపూర్తి

రెండో ప్రపంచయుద్ధకాలంలో సైన్యం మద్రాసు నుంచి బెంగుళూరు వెళ్ళిన దారినే, పాత జీపుల పిచ్చి ఉన్న మేం కొందరం మిలిటరీ జీపుల్లో మళ్ళీ పోతున్నాం. ఘాట్ రోడ్డెక్కి వెంకటగిరికోట చేరేసరికి నా జీపు రేడియేటరు మరిగిపోయింది. టీకొట్టు అవ్వ బిందెతో నీళ్ళు తెచ్చింది.

"దీనికి వయసెంతప్పా?"

"ఈ ఏటితో అరవై నిండినాయవ్వా."

"నిండితే మళ్ళీ పెండ్లి చెయ్యొద్దా? ఉండు."

జీపుకు బొట్టు పెట్టి, స్టీరింగుకు పసుపుకొమ్ముతో కంకణం కట్టింది. "దీని జత యాడుండాది?" అని అడిగింది.

"ముప్ఫై ఏళ్ళుగా నేనే నడుపుతున్నాను."

"అయితే నువ్వే. చెయ్యి సాపు."

నాకూ కట్టేసింది. టీ తాగుతున్న లారీ డ్రైవర్లు అక్షింతలు వేశారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ నా మణికట్టు చూసింది, బయటికెళ్ళి స్టీరింగు చూసింది.

"నాకెప్పటినుంచో అనుమానంగానే ఉంది" అంది.