డాక్టరక్కకి చెప్పిన టైము

మా అక్క కూతురు ఇక్కడే టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో కొత్త ఇల్లు కొనుక్కుంది. గృహప్రవేశం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు పిలుస్తున్నది "జస్ట్ సండే డిన్నర్ పిన్నీ" అట. పిలుపు ఫోన్‌లోకి వచ్చింది. రంగురంగుల దీపాల బొమ్మ, దాని కింద "ఐదు నుంచి ఎనిమిది వరకు" అని. భోజనానికి పిలిచేవాళ్ళు ఎప్పుడు రావాలో చెప్పడం నేనెరుగుదును. ఎప్పుడు లేచి వెళ్ళాలో కూడా ముందే చెప్పడం ఈ పిల్లల కాలంలోనే చూస్తున్నాను. "ఎనిమిది దాటితే తలుపులు వేసేస్తావుటే?" అని అడిగాను. "అలా కాదు పిన్నీ, ఎండ్ టైమ్ ఇస్తే అందరూ ప్లాన్ చేసుకుంటారు. మండే స్కూల్ ఉంటుంది కదా" అంది. నేను వాదించలేదు, పైగా నవ్వొచ్చింది. ఈ పిల్ల వాళ్ళమ్మ కడుపులో ఉండగానే, ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో, ఈ పిల్ల కోసమే జరిగిన వేడుకలో టైము గురించి అంత రభసా అయింది మరి.

ఎనభైల మొదట్లో మాట. నేను చదువుకోవడానికి వచ్చి అక్కా బావగారి దగ్గర ఉండేదాన్ని. ఇప్పుడు ఏ వీధిలో చూసినా మనవాళ్ళే గానీ, అప్పట్లో శని ఆదివారాలు కారేసుకుని హైవేలు పట్టి పోతే తప్ప తెలుగు మాట చెవిన పడేది కాదు. అందుకని ఎవరింట్లో భోజనమన్నా అందరూ వచ్చేవారు. రావడం మాత్రం ఎవరికి తోచినప్పుడు వాళ్ళు. మా అక్కకి అదే పెద్ద తలనొప్పి. గారె మూకుట్లోంచి తిన్నగా కంచంలోకి రావాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు అన్నది ఆవిడ సిద్ధాంతం. ఓవెన్‌లో పెట్టి వెచ్చచేసిన గారె ఆవిడ దృష్టిలో గారె కాదు, శిక్ష. ఆ అపార్ట్‌మెంట్‌లో ఉన్నదేమో ఎలక్ట్రిక్ పొయ్యి. అది వేడెక్కడానికి ఒక యుగం, చల్లారడానికి ఇంకో యుగం. నూనె పొగ కాస్త పైకి లేచిందంటే హాల్లో అలారం కీచుమని అరిచేది. బావగారు పెద్ద ఇంజినీరే గానీ, అతిథులు వచ్చిన రోజున ఆయన ఉద్యోగం ఆ అలారం కింద కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసరడం. ఆయన ఆ పని ఎంతో శ్రద్ధగా చేసేవారు.

తలనొప్పి భరించలేక అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. ఎవరు ఎంత ఆలస్యంగా వస్తారో ఆవిడకి కొట్టినపిండి. అంత ఆలస్యమూ ముందే తీసేసి ఎవరి టైము వాళ్ళకి చెప్పేది. అరగంట లేటు వాళ్ళకి అరగంట ముందు, గంట లేటు వాళ్ళకి గంట ముందు. అందరూ ఏదో మాట్లాడుకుని వచ్చినట్టు ఒక్కసారే తలుపు తట్టేవారు. "చూశావుటే, మన బ్యాచ్ ఎంత పంక్చువలో!" అని అక్క నావైపు కన్నుగీటి పొయ్యి వెలిగించేది. ఆ ఉపాయం సంగతి నాకూ బావగారికీ తప్ప ఎవరికీ తెలియదు. గారెలు కరకరలాడుతూ కంచాల్లోకి వచ్చేవి.

అందరికంటే ముందు టైము చెప్పాల్సిన మనిషి డాక్టరక్క. వరంగల్ ఆవిడ. డౌన్‌టౌన్ ఆసుపత్రిలో ఆపరేషన్ల ముందు మత్తు ఇచ్చే డాక్టరు. అక్క ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు, కిరాణా కొట్లో పప్పుల దగ్గర దిక్కులు చూస్తూ నిలబడితే, "తెలుగామెవా?" అని భుజం తట్టి తన కారెక్కించుకుపోయిన మనిషి. ఆదివారాలు ఖాళీ పార్కింగ్ లాట్‌లో డ్రైవింగ్ నేర్పింది. జ్వరమొస్తే చారు పట్టుకొచ్చింది. పుట్టింటివాళ్ళు లేని ఊళ్ళో అక్కకి పుట్టిల్లు ఆవిడే. కానీ వేళకి రావడం మాత్రం ఆవిడ జన్మలో లేదు. అందరూ చేతులు కడుక్కున్నాక వచ్చి, "ఇంకేమన్న మిగిలినయా?" అంటూ చెప్పులు విప్పేది. అక్క ఆవిడకి రెండు గంటలు ముందు చెప్పడం మొదలుపెట్టింది.

అంతలో అక్కకి నెలలు నిండుతూ వచ్చాయి. పురిటికి వద్దామనుకున్న అమ్మకి వీసా రాలేదు. అక్క ఆ రోజు ఏడ్చి ఏడ్చి పడుకుంది. "నేను లేనా? నీ పక్కనే ఉంట ఆస్పత్రిల" అని డాక్టరక్క మాటిచ్చాకే అన్నం తింది. అమ్మ ఫోన్‌లో కేకలేస్తూ ఒకటే చెప్పింది. పిల్లకి ఐదుగురు ముత్తైదువుల చేత గాజులు తొడిగించండి, ఆదివారం పెట్టుకుంటే రాహుకాలం రాకముందే, నాలుగున్నర లోపే కానిచ్చేయండి అని. మాకేమో ఆదివారం తప్ప ఇంకో రోజు లేదు. రప్పించగలిగిన ముత్తైదువులు సరిగ్గా ఐదుగురు, అందులో డాక్టరక్క ఒకరు. నాకింకా పెళ్ళి కాలేదు కాబట్టి నేను లెక్కలో లేను. ఇంకొకరు మా పక్క బిల్డింగ్‌లో కొడుకూ కోడలి దగ్గరికి వచ్చిన తెనాలి అత్తగారు. శాస్త్రాలకి ఆవిడే మాకు హైకోర్టు.

వేడుకకి ముందు ఒక సాయంత్రం, ఆవిడ ఎదుట బావగారు ఒక సందేహం లేవదీశారు. ఈ దేశంలో ఎండాకాలం గడియారాన్ని గంట ముందుకి తోస్తారు కదా, రాహుకాలాన్ని కూడా తోసినట్టేనా అని. తెనాలి అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "దేవుడి విషయంలో పరాచికాలేంటి నాయనా? గడియారంలో నాలుగున్నరంటే నాలుగున్నరే!"

అక్క తన పద్ధతిలోనే అందరినీ పిలిచింది. తెనాలి అత్తగారికి మూడు గంటలన్నది, డాక్టరక్కకి ఒంటిగంట అన్నది. ఇక్కడే కొంప మునిగింది. వారం మధ్యలో కిరాణా కొట్లో ఆ ఇద్దరూ ఎదురుపడ్డారు. గాజుల మాట వచ్చింది, గాజుల వెనక టైము మాట వచ్చింది. ఆ సాయంత్రమే ఫోను. నేను పక్కనే ఉన్నాను, డాక్టరక్క గొంతు రిసీవర్ దాటి నాకూ వినపడింది.

"ఏమమ్మా, ఆమెకు మూడు గంటలట, నాకు ఒంటిగంటనట! ఎన్ని రోజుల సంది నడుస్తున్నది ఈ కథ?"

అక్కకి అబద్ధం నోటికి రాలేదు. "మీరు లేట్‌గా వస్తారని అక్కా, అందుకని..." అని నసిగింది.

"నేనేమన్న ఇంట్ల కూసొని లేట్ చేస్తున్ననా? టేబుల్ మీద నిద్రపుచ్చిన మనిషిని, నాకు పార్టీ ఉన్నది, లేవమంటనా? అందరు నవ్వుకుంటున్నరు గావచ్చు నన్ను చూసి."

ఫోన్ పెట్టేసింది. అక్క మళ్ళీ మళ్ళీ చేసింది. ఒకసారి డ్యూటీలో ఉందన్నారు, ఒకసారి ఎవరూ ఎత్తలేదు. చివరికి వాళ్ళాయనతో, "ఆదివారం అసలు టైము మూడు గంటలని చెప్పండి అన్నయ్యగారూ" అని చెప్పి ఊరుకుంది. ఆ వారమంతా అక్క నిద్రపోలేదు. గాజుల సంగతి సరే, పురిటి మంచం పక్కన ఇక ఎవరు నిలబడతారన్నది ఆవిడ భయం. నాకూ భయంగానే ఉండేది గానీ, చెల్లెల్ని కదా, ధైర్యం చెప్పాలి కాబట్టి చెప్పాను.

ఆదివారం వచ్చింది. తమ సీమంతానికి తామే పిండి రుబ్బుకున్న వాళ్ళు అమెరికాలో చాలామందే ఉంటారు, మా అక్క అందులో ఒకతె. పులిహోర కలిపింది, పరమాన్నం దింపింది, గారెల పిండి గిన్నె మీద తడిగుడ్డ కప్పింది, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. కిరాణా కొట్టు పుణ్యమా అని ఈసారి అందరికీ రహస్యం తెలిసిపోయింది కదా, ఎవరి పరువు వాళ్ళు కాపాడుకోవాలని నలుగురూ మూడు కాకముందే దిగిపోయారు. చరిత్రలో మొదటిసారి! గారెలకి నూనె కూడా పెట్టలేదు నేను. నాలుగైంది. డాక్టరక్క జాడ లేదు. నాలుగుంపావు అయ్యేసరికి తెనాలి అత్తగారు లేచింది. "పసుపు ముద్ద చేసి గౌరీదేవిని పెట్టుకుందాం. ఆ తల్లే ఐదో ముత్తైదువు. తప్పేం లేదమ్మా, రాహుకాలం వచ్చేస్తోంది."

మా అక్క పెద్దవాళ్ళకి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు చెప్పింది. "మా అక్క వచ్చేదాకా నేను చెయ్యి చాపను పిన్నిగారూ." నాలుగున్నర దాటింది. గాజుల పళ్ళెం టీపాయ్ మీద అలాగే ఉంది. ఏ పొగా లేకపోయినా బావగారు తువ్వాలు భుజాన వేసుకుని అలారం కింద నిలబడ్డారు, ఏం చెయ్యాలో తోచక.

ఐదవుతుండగా తలుపు తోసుకుని వచ్చింది డాక్టరక్క. ఒంటి మీద ఆసుపత్రి ఆకుపచ్చ బట్టలు, తలకి ఇంకా టోపీ, చంకలో కవరు, కవర్లో కట్టుకోవడానికి తీరిక దొరకని పట్టుచీర. గదిలో ముఖాలన్నీ ఒకసారి చూసింది. "పొద్దున్నే పిలిచిన్రు, ఎమర్జెన్సీ. ఒకటి కాంగనె ఇంకొకటి. ఆఖరుకు ఒక కాన్పు. తల్లి, పిల్ల బాగున్నరు" అంది. తర్వాత గోడ గడియారం చూసి, అక్కని చూసి, నెమ్మదిగా అడిగింది. "అయిపోయిందా నీ టైము?"

నేను తల దించుకున్నాను. అప్పుడు తెనాలి అత్తగారు కుర్చీలోంచి లేచి, బొట్టుపెట్టె అందుకుని, మా బావగారి వైపు చూడకుండా అంది. "ఎందుకవుతుందీ? గడియారం ముందుకు తోసుకుంది ఈ దేశం వాళ్ళు. సూర్యుడికెవరు చెప్పారు? అసలు లెక్కకి ఇంకా నాలుగే. అరగంట ఉంది. కానివ్వండి, కానివ్వండి!"

బావగారి ముఖం చూడాలి అప్పుడు! హైకోర్టు తన తీర్పు తనే కొట్టేసింది. (చాలా ఏళ్ళ తర్వాత ఒక పంతులుగారు చెప్పారు, రాహుకాలం సూర్యాస్తమయాన్ని బట్టి లెక్కట, టెక్సాస్ వేసవిలో ఆరు దాటితే గానీ మొదలే కాదట. మేం పడ్డ ఆరాటమంతా దండగే.) డాక్టరక్క సింకు దగ్గరికెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది, చల్లదనం పోయేదాకా రెండు అరచేతులూ రుద్దుకుంది. ఆ ఆసుపత్రి బట్టల మీదే మొదటి గాజు ఆవిడే తొడిగింది. అత్తగారు ఆ బట్టల గురించి కూడా ఏమీ అనలేదు. రెండో చేతికి తొడుగుతుంటే అక్క భోరుమంది. "ఏడుస్తవేందే పిచ్చిదాన, వస్త అని చెప్పిన కద!" అంటూ ఆవిడా ఏడ్చింది. ఆ తర్వాత అక్క పాదాల వాపు చూసి, పురుడయ్యేదాకా గారెలు బంద్ అని హుకుం వేసింది. మిగతావాళ్ళ కోసం నేను పొయ్యి వెలిగించాను. అలారం అరిచింది. బావగారు కుర్చీ ఎక్కారు.

పురిటికి ఆవిడ మాటిచ్చినట్టే పక్కనే ఉంది. ఆ రోజు నుంచి అక్క ఆవిడకి అసలు టైమే చెప్పింది. ఆవిడ ఎప్పటిలాగే లేటుగా వచ్చేది, అక్క పొయ్యి ఆర్పకుండా కూర్చునేది. ఆఖరి వాయి గారెలు ఎప్పుడూ డాక్టరక్కవే.

మొన్న ఆదివారం ఫ్రిస్కోకి నేను కాస్త ముందే వెళ్ళాను, సాయం చేద్దామని. తలుపు తీస్తే సోఫాలో డాక్టరక్క! పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో పర్సు పెట్టుకుని కూర్చుని ఉంది. రిటైరై చాలాకాలమైంది, వాళ్ళాయన పోయి మూడేళ్ళు. డ్రైవింగ్ మానేసింది, ఎవరో దించి వెళ్ళారట. "నాలుగింటికే వచ్చిన. ఏం జెయ్యాలె, ఇంట్ల గడియారం కదుల్తలేదు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వంటింట్లోకి వెళ్తే అక్క కూతురు తడిజుట్టు తువ్వాలుతో చుట్టుకుని కంగారుపడుతోంది. "ఐ వాజ్ నాట్ రెడీ పిన్నీ! నెక్స్ట్ టైమ్ డాక్టర్ ఆంటీకి ఒక్కరికే సిక్స్ అని చెప్దామా?" అని గుసగుసలాడింది. పొయ్యి దగ్గర మా అక్క, మోకాళ్ళ నొప్పులతోనే, వెనక్కి తిరగకుండా "వద్దు. ఆవిడకి అసలు టైమే చెప్పు" అంది. అతిథులెవరూ రాకముందే మొదటి వాయి దింపి, రెండు గారెలు ప్లేట్‌లో పెట్టి నా చేతికిచ్చింది.

అవి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ ఒకటి తుంచి, నోట్లో పెట్టుకుని, "మొదటి వాయి తినుడు ఇదే ఫస్ట్ టైం" అంది. గాజుల రోజు ఆవిడ కోసం మేం రాహుకాలాన్ని ఒక గంట వెనక్కి జరిపాం. ఆ గంట ఎటూ పోలేదు, ఇన్నేళ్ళకి ఆవిడే దాన్ని పట్టుకొచ్చి మా సోఫాలో కూర్చుంది.