చదవని మనవి

మా చర్చి సంఘంలో ఒక రిటైర్డ్ టీచరమ్మగారు ఉండేవారు. ఎవరికైనా జబ్బు చేసిందని చెబితే అందరిలా "అయ్యో" అనేవారు కాదు. "ఎందుకొచ్చిందటండీ?" అని అడిగేవారు.

ఒక వానాకాలం మా పేట పిల్లలకు విరేచనాలు పట్టుకుని వదల్లేదు. మేము ఉపవాస ప్రార్థనలు పెట్టాం, మందులు పంచాం. ఆవిడ కాలువ గట్టున అల్లవరం వైపు నడిచి వెళ్ళి చూసి వచ్చారు. ఆదివారం ఆరాధనలో అందరూ రాసిచ్చే ప్రార్థన మనవుల చీటీలు పైకి చదివేది నేనే. ఆవిడ చీటీలో ఇలా ఉంది: "రొయ్యల చెరువు మురుగు మనం తాగే చెరువులోకి వదులుతున్నారు. ఆగాలని ప్రార్థించండి."

ఆ రొయ్యల చెరువు మా సంఘపెద్దగారిది. ఆయన ముందు వరుసలోనే ఉన్నారు. నేను ఆ చీటీని బైబిల్లో పెట్టేసి తక్కినవి చదివాను.

బయట ఆవిడ నన్ను ఆపారు. "నాది చదవలేదేంటండీ?"

"సంఘం చీలిపోద్దండీ. పిల్లల కోసం ప్రార్థన చేశాం కదండీ."

"ఆయ్, చేశారు. ఇళ్ళకెళ్ళి మళ్ళీ ఆ నీళ్ళే తాగుతారు."

ఆ గొంతులో కోపం లేదు, అలసటే. మర్నాడు ఆ మురుగు ఆపించమని అధికారులకు రాసిన అర్జీ మీద సంతకం అడిగారు. "దేవుడికి అప్పగించాం కదండీ" అన్నాను. ఆవిడ తన ఒక్క సంతకంతోనే అమలాపురం బస్సెక్కారు.

ఇప్పటికీ పాపాలు ఒప్పుకోవడానికి మోకరిస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఆ బస్సే.