ఈ ఆదివారం ఎవరికి ఎసరు

దేశం వదిలి వచ్చి మేం స్థిరపడ్డ టూంగాబీలో, మా ఇంటికి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ముగ్గురు మగవాళ్ళు వచ్చేవారు. ముగ్గురూ మా ఆయన స్నేహితులే, మా అమ్మాయి జట్టులో ఆడే పిల్లల తండ్రులు. ఇటలీ ఫుట్‌బాల్ చూడటానికి వచ్చేవారు. అక్కడ శనివారం రాత్రి ఆడే ఆట మాకు తెల్లవారకముందే అయిపోతుంది. అంత చీకటితో ఎవరు లేస్తారు? అందుకని మా ఆయన దాన్ని ఎనిమిదింటికి మొదటి నుంచీ పెట్టేవాడు. స్కోరు ముందుగా చూడకూడదు, అదొక్కటే నియమం.

ముగ్గురూ కారు దిగేలోపే ఫోన్లో చూసేసుకుని వచ్చేవారు. గోల్ పడినప్పుడు మాత్రం సోఫాలోంచి ఎగిరి "అబ్బో!" అనేవారు. నిజంగా స్కోరు చూడకుండా కూర్చునేది మా ఆయన ఒక్కడే. వంటింట్లోంచి వాళ్ళ మొహాలు బాగా కనిపిస్తాయి కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకి చెప్పలేదు. ఆయన మనసు కష్టపడుతుందని కాదు, వాళ్ళ నటన చూడటం నాకు సరదాగా ఉండేది.

వాళ్ళకి ఆట కంటే ఇష్టమైనది ఇంకొకటుంది. ఇటలీలో కోచ్ ఉద్యోగమంటే గాల్లో దీపం. వరసగా నాలుగు ఆటలు ఓడితే చాలు, ఎంత పేరున్నవాడినైనా సాగనంపుతారు. అందుకని అందరూ కూర్చోగానే మా ఆయన అరచేతులు రుద్దుకుంటూ, "చెప్పండి, ఈ ఆదివారం ఎవరికి ఎసరు?" అని మొదలుపెట్టేవాడు. లోపల పొయ్యి మీద ఉప్మాకి ఎసరు మరుగుతుండేది, ముందు గదిలో ఏ మిలాన్ కోచ్ ఉద్యోగానికో.

ఆ కోచ్‌లకి వీళ్ళు పెట్టిన పేర్లు వింటే వాళ్ళ తల్లులు ఏడుస్తారు. నల్లకోటు వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడేవాడు శవాల కాంట్రాక్టరు. జట్టుని అందంగా ఆడించి కప్పు లేకుండా ఇంటికి పోయేవాడు పెళ్ళి ఫోటోగ్రాఫరు. ఒకప్పుడు అన్నీ గెలిచి, ఇప్పుడు ఏ ఊళ్ళోనూ ఏడాది నిలవలేనివాడు పేరు గొప్ప ఊరు దిబ్బ. అందరికంటే మా ఆయన నోరే పదును. చెప్పొద్దూ, ఆయన జన్మలో బంతిని కాలితో తన్నిన మనిషి కాదు. గుంటూరులో చదువుకునే రోజుల్లో క్రికెట్ ఆడానంటాడు. ఆడింది లేదు, అంపైర్‌గా నిలబడ్డాడు.

పోయినేడాది ఒక ఆదివారం ఆ ఎసరు ఇటలీ దాటి మా పిల్లల జట్టు దాకా వచ్చింది. పదేళ్ళలోపు పిల్లలు శనివారాలు ఆడుకునే జట్టు అది. మా పక్క పేట పెండిల్ హిల్‌లో ఉండే ఒక రిటైరైన డాక్టర్ అంకుల్ వాళ్ళకి కోచ్. ఆయన ఆడగలిగిన పిల్లనీ ఆడలేని పిల్లనీ సమానంగా ఆడించేవాడు. మధ్యలో అందరికీ కమలాపండు తొనలు పంచేవాడు. ఓడిపోతే పిల్లలతో కలిసి నవ్వేవాడు. వారం వారం నవ్వేవాడు.

"ఓడినా నవ్వేవాడు కోచా, జోకరా?" అన్నాడు మా ఆయన, ఉప్మాలో నిమ్మకాయ పిండుకుంటూ.

"గదే గదా అన్నా. మావోడు ఇప్పటిదాంక ఒక్క మెడల్ తేలే," అన్నాడు వరంగల్ నుంచి వచ్చినాయన. ఆ ముగ్గురిలో నోరున్నది ఆయనకే.

రెండోసారి వడ్డించేసరికి నిర్ణయమైపోయింది. మా ఆయనే కొత్త కోచ్. అంకుల్‌కి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టారు. "సరే నాన్నా. పోనీ, లైన్ దగ్గర జెండా పట్టుకునే పనైనా నాకు ఉంచుతారా? శనివారాలు ఇంట్లో ఏం తోచదు," అన్నాడు ఆ పెద్దమనిషి.

"చూసి చెప్తాం అంకుల్," అన్నాడు మా ఆయన. ఫోన్ పెట్టాక నలుగురూ పగలబడి నవ్వారు. చూసిందీ లేదు, చెప్పిందీ లేదు.

మా ఆయన కోచ్ కాగానే నల్లకోటు కొన్నాడు. శవాల కాంట్రాక్టరు వేసుకునేలాంటిదే. ఇటలీ వాళ్ళ పాత పద్ధతి ఒకటుందట, తలుపుకి గడియ వేసినట్టు గోల్ ముందు అందరినీ నిలబెట్టడం. పాపం ఆ పిల్లలు రేషన్ షాపు ముందు క్యూలాగా వరసగా నిలబడి చలికి వణికేవారు. మా అమ్మాయి ఒకసారి, "డాడ్, కెన్ ఐ గో పాస్ట్ హాఫ్‌వే? జస్ట్ వన్స్?" అని అడిగింది.

"నువ్వు గడియవి. గడియ నడుస్తుందా?" అన్నాడు తండ్రి.

అంత గడియ వేసినా ప్రతివారం ఒక గోల్ పడేది. తిరిగి వేయడానికి అవతలి సగంలో మనవాళ్ళు ఉంటేగా! ఒకవారం గడ్డి బాగాలేదు, ఒకవారం గాలి ఎదురుకొట్టింది, ఒకవారం రిఫరీకి కళ్ళు లేవు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంటికి వచ్చేవరకూ కార్లో అదే పాట.

కానీ ఆ రోజుల్లో ఆయన సంతోషంగా ఉండేవాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. ఆఫీసులో ఆయన తర్వాత చేరినవాళ్ళందరూ ఆయన నెత్తి మీదకెక్కి కూర్చున్నారు. ఇంట్లో నేనూ పెద్దగా లెక్కచేసింది లేదు. పెండిల్ హిల్ కొట్లో కందిపప్పు కొంటుంటే ఎవరో "నమస్తే కోచ్ గారూ" అంటే, ఆ మాట ఆయనకి మూడు రోజులు సరిపోయేది.

ఈ ఏడాది మేలో ఒక ఆదివారం ముగ్గురూ ఎప్పటిలాగే వచ్చారు, తిన్నారు. మొదటి సగం అయ్యాక వరంగలాయన ప్లేటు కింద పెట్టాడు.

"అన్నా, ఏమనుకోకు. పిల్లలకు బోర్ కొడ్తున్నదంట. మా పక్కింటాయన హైదరాబాద్‌ల కాలేజీ టీమ్‌కు ఆడిండు. ఆయనను పెట్టుకుందాం."

"అయ్యో, దానికేముంది," అన్నాడు మా ఆయన. మిగతా ఇద్దరూ టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. ఆ రోజు కూడా స్కోరు తెలియనివాడు మా ఆయన ఒక్కడే.

వాళ్ళు వెళ్ళాక నాతో అన్నాడు: "ఇటలీలో ఇది మామూలేనోయ్. తీసేసిన కోచ్‌కి కాంట్రాక్టు అలాగే ఉంటుంది. కొత్తవాడు తగలేస్తే పాతవాణ్ణే మళ్ళీ పిలుస్తారు." అప్పటినుంచీ అదే మంత్రం. కొట్లో చెప్పాడు, జట్టు గ్రూపులో రాశాడు, ఆదివారం ఆదివారం ఆ ముగ్గురికే ఉప్మా పెట్టి మరీ చెప్పాడు. వాళ్ళు తలలూపుతూ తిన్నారు. జట్టు కోన్లూ, పిల్లలు ఆటలో తొడుక్కునే రంగు బనియన్లూ ఉన్న సంచి మా గరాజులోనే ఉండిపోయింది. ఎవరూ వాడని ఆ బనియన్లని ఆయన వారం వారం ఉతికి మడతపెట్టేవాడు.

"ఎవరూ పిలవరండీ. ఆ సంచి ఇచ్చేయండి," అన్నాను ఒకరోజు.

"నీకు ఫుట్‌బాల్ తెలీదు," అన్నాడు. నిజమే, తెలీదు. ఆ ముగ్గురూ తెలుసు.

ఆగస్టులో ఆ కొత్త కోచ్ మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో ఇల్లు కొనుక్కుని, పిల్లల సీజన్ అయిపోకముందే అక్కడికి వెళ్ళిపోయాడు. ఇటలీలో కొత్త సీజన్ మొదలవుతున్న వారమది. మా ఆయన ఏ ఆట ఎప్పుడో ఉన్న కాగితం ఫ్రిజ్‌కి అంటిస్తుండగా వరంగలాయన నుంచి మెసేజ్ వచ్చింది. "రేపు ముఖ్యమైన విషయం మాట్లాడాలె అన్నా, కోచ్ గురించి." మర్నాడు మా ఆయన పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, తలస్నానం చేసి, ఇంట్లోనే నల్లకోటు వేసుకున్నాడు. నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు! ఉప్మా పోపులో ఇంకో గుప్పెడు జీడిపప్పు వేశాను.

"నువ్వు చెప్పిందే కరెక్ట్ అన్నా," అన్నాడు వరంగలాయన వస్తూనే. "ఇటలీ లెక్కనే చేస్తున్నం. పాత కోచ్‌నే మళ్ల పిలుస్తున్నం."

మా ఆయన లేచి నిలబడి కోటు గుండీ పెట్టుకున్నాడు. "నాకు అభ్యంతరం లేదు. కాకపోతే కొన్ని కండిషన్లు..."

"అంకుల్‌తోని మాట్లాడినం అన్నా. పాపం, పెద్దాయన వెంటనే ఒప్పుకున్నడు. ఆ కోన్ల సంచి నీ దగ్గర్నే ఉన్నదంట గదా?"

మెట్ల మీంచి మా అమ్మాయి, "ఈజ్ అంకుల్ కమింగ్ బ్యాక్? యెస్!" అని కేక వేసుకుంటూ దిగి, తండ్రిని దాటి వాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. పిల్లని ఒక్కటి వేయాలనిపించింది. పిల్ల తప్పేముంది?

మా ఆయన గరాజులోకి వెళ్ళి సంచి తెచ్చి, జిప్పు తీసి, మడత నలగని బనియన్లు చూపించాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "లైన్ దగ్గర జెండా పట్టుకోడానికి ఎవరైనా కావాలా? శనివారాలు నేను ఖాళీనే."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూసి చెప్తం అన్నా."

లోపల ఎసరు మరిగి పొంగుతోంది. వెళ్ళి రవ్వ పోసి, చేతులు కాలుతున్నా ఆపకుండా కలిపాను. ప్లేట్లు తెచ్చేసరికి మా ఆయన కోటు విప్పకుండానే తన చోట్లో కూర్చుని, రిమోట్ చేతిలోకి తీసుకుంటున్నాడు.

"స్కోరు ఎవరూ చూడలేదుగా?" అని అడిగాడు.

"లేదన్నా," అన్నారు ముగ్గురూ.